వాల్వుదా తప్పు, టెస్టర్‌దా?

ఏడు వాల్వులు. ఏడింటికీ ఒకే జబ్బు.

పాత ఆసిలోస్కోప్‌లోంచి (విద్యుత్ సిగ్నళ్లను తెర మీద గీసి చూపే పరికరం) ఊడదీసిన ఈసీసీ88 వాల్వులవి. వాల్వులంటే పాత రేడియోల్లో ఉండే గాజు వాక్యూమ్ ట్యూబులు. కోఠి గుజరాతీ గల్లీలో పాత విడిభాగాలు అమ్మే ఒక కొట్టులో, అట్టపెట్టె అడుగున కనిపిస్తే తెచ్చుకున్నాను. ఈసీసీ88 అంటే వేలెడంత గాజు బుడ్డిలో పక్కపక్కన కూర్చున్న రెండు ట్రయోడ్‌లు, అంటే ఒకే బుడ్డిలో రెండు వాల్వులు (యానోడ్, గ్రిడ్ అంటే ఏమిటో కాసేపట్లో చెబుతాను). డేటాషీట్ (తయారీదారు ఇచ్చే కొలతల పట్టిక) ప్రకారం యానోడ్ మీద 90 వోల్టులు, గ్రిడ్ మీద మైనస్ 1.3 వోల్టులు పెడితే ఒక్కో ట్రయోడ్‌లో 15 మిల్లీ యాంపియర్ల కరెంటు పారాలి. వాల్వులను పరీక్షించే నా టెస్టర్‌లో మొదటి ట్రయోడ్ 14, 15, 14.5 అంటూ బుద్ధిగా చూపించింది. రెండోది మాత్రం 7, 8, 6.5. ఒక్క వాల్వుకు కాదు, వరసగా ఏడింటికీ అంతే.

మొదట వచ్చిన ఆలోచన అందరికీ వచ్చేదే. పాత సరుకు కదా, అరిగిపోయి ఉంటాయి, పక్కన పెట్టేద్దాం అనుకున్నాను. కాసేపటికి అదే విషయం ఇంకోలా తట్టింది. ఏడు వాల్వులు ఏడు రకాలుగా వాడి ఉంటారు. అన్నీ సరిగ్గా రెండో సగంలోనే, దాదాపు ఒకే మోతాదులో ఎలా అరుగుతాయి? ఒకే ఇంట్లో ఏడుగురికి ఒకే రోజు కడుపునొప్పి వస్తే ఏడుగురు డాక్టర్లను పిలవం, ఆ రోజు వండిన కూర ఏమిటని అడుగుతాం.

వాల్వు టెస్టింగ్‌లో వచ్చే వింతలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. టెస్టర్ అంటే తూకం రాయి లాంటిదని, అది పక్కన నిలబడి నిజం చెబుతుందని మనం అనుకుంటాం. కానీ వాల్వును సాకెట్‌లో గుచ్చిన మరుక్షణం టెస్టర్ లోపలి వైర్లు, రెసిస్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్, ఈ వాల్వు అన్నీ కలిసి ఒకే సర్క్యూట్ అయిపోతాయి. మీటర్ ముల్లు చూపించేది ఆ మొత్తం సర్క్యూట్ సంగతి. అందులో వాల్వు వాటా ఎంత, టెస్టర్ వాటా ఎంత అని విడదీయడమే అసలు పని.

కుళాయిని ఎవరు తిప్పుతున్నారు?

వాల్వు అనే పేరులోనే దాని పని ఉంది. లోపల హీటర్ వేడెక్కి, దాని చుట్టూ ఉన్న క్యాథోడ్ గొట్టాన్ని వేడి చేస్తుంది. క్యాథోడ్ మీద పూసిన బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్‌ల పూతలోంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. ప్లస్ వోల్టేజీ ఉన్న యానోడ్ వాటిని లాక్కుంటుంది. దారిలో సన్నని తీగ చుట్టిన గ్రిడ్ ఉంటుంది. దాని మీద మైనస్ వోల్టేజీ పెంచితే ప్రవాహం తగ్గుతుంది, తగ్గిస్తే పెరుగుతుంది. గ్రిడ్ కుళాయి తల లాంటిది. తిప్పడానికి ఆ తల గుండా నీళ్లు పారనక్కర్లేదు. అంటే మామూలుగా గ్రిడ్‌లో కరెంటు ఉండదు, ఉండకూడదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ పని పడుతుంది.

గ్రిడ్ మీద ఒక వోల్టు మారిస్తే యానోడ్ కరెంటు ఎన్ని మిల్లీ యాంపియర్లు మారుతుందో అది ఆ వాల్వు ట్రాన్స్‌కండక్టెన్స్. రిపేరు చేసేవాళ్లు పొట్టిగా ‘జీఎం’ అంటారు. ఆంప్లిఫయర్లలో ఎక్కువగా కనిపించే ఈసీసీ83కి ఇది 1.6. రేడియోల అవుట్‌పుట్‌లో వాడే ఈఎల్84కి 11.3. మన ఈసీసీ88కి 12.5. వేలెడంత వాల్వుకు అది చాలా పెద్ద అంకె. ఆ చురుకుదనం కోసమే దీన్ని టీవీ ట్యూనర్లలో, ఆసిలోస్కోప్‌లలో వాడేవాళ్లు. నన్ను తిప్పలు పెట్టింది కూడా ఆ చురుకుదనమే.

టెస్టర్ మీద అనుమానం వచ్చాక దాన్ని పరీక్షించాలిగా. నా దగ్గర బాగా తెలిసిన ఒక ఈసీసీ83 ఉంది. యానోడ్, గ్రిడ్, క్యాథోడ్ పిన్నులు రెండు రకాలకూ ఒకటే కాబట్టి అదే సాకెట్‌లో పెట్టాను. (హీటర్ మాత్రం ఒకటి కాదు. ఈసీసీ83లో 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులు కావాలి, ఈసీసీ88కి అవే పిన్నుల మధ్య 6.3. ఈ సెట్టింగ్ మార్చడం మర్చిపోతే ఈసీసీ88 హీటర్ కళ్లముందే పోతుంది.) ఈసీసీ83 రెండు సగాలూ చక్కగా, డేటాషీట్‌లో ఉన్నట్టే చూపించాయి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. టెస్టర్ బాగుంది, వాల్వులే పోయాయి అని రాసేసుకుంటారు. నేనూ దాదాపు అంతవరకూ వెళ్లాను. కానీ ఆ పరీక్ష తేల్చింది ఒక్కటే. జీఎం 1.6 ఉన్న వాల్వును ఈ టెస్టర్ సరిగ్గా కొలుస్తుంది. 12.5 ఉన్నదాన్ని కూడా కొలుస్తుందని అది చెప్పలేదు.

వేలు తగిలితే కదిలిన ముల్లు

గుట్టు బయటపడింది అనుకోకుండా. వాల్వును సాకెట్‌లో సరిగ్గా కూర్చోబెడదామని గాజు మీద వేలు పెట్టాను. ముల్లు 7 దగ్గర్నుంచి ఒక్కసారిగా 13కి ఎగిరింది. వేలు తీశాను, మళ్లీ 7. పెట్టాను, 13.

గాజులోంచి డీసీ కరెంటు పారదు. పొడి వేలు గాజుకు తగిలితే లోపలి యానోడ్ కరెంటు మారడానికి మామూలు కారణం ఏదీ లేదు. తగిలినప్పుడు మారేది కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం), అది కూడా ఒకటి రెండు పికోఫారాడ్లు. అంత చిన్న మార్పును లెక్కచేసేది హై ఫ్రీక్వెన్సీ మాత్రమే. అంటే వాల్వు నిశ్చలంగా కూర్చుని డీసీ కరెంటు ఇవ్వడం లేదు. లోపల ఎక్కడో మెగాహెర్ట్జ్‌లలో ఊగుతోంది.

పెళ్లి పందిట్లో మైకు కూత పెట్టడం అందరం విన్నదే. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మైకులోకి దూరి, పెద్దదై మళ్లీ స్పీకర్‌లోంచి వచ్చి, అలా తిరిగి తిరిగి చెవులు చిల్లులు పడే కూత అవుతుంది. ఎవరూ మాట్లాడకపోయినా కూత ఆగదు. వాల్వులో కూడా అంతే. యానోడ్‌కూ గ్రిడ్‌కూ మధ్య చిన్న కెపాసిటెన్స్ ఉంటుంది, ఈసీసీ88లో సుమారు 1.4 పికోఫారాడ్లు. యానోడ్ మీద కలిగిన ఊగును అది వెనక్కి గ్రిడ్ దగ్గరికి మోసుకొస్తుంది. గ్రిడ్ దగ్గర, యానోడ్ దగ్గర కాయిల్ లాంటిది ఏదైనా ఉంటే చాలు, అది ట్రాన్స్‌మిటర్ అయి కూర్చుంటుంది.

టెస్టర్‌లో కాయిల్ ఎక్కడిది? వైరే కాయిల్. అన్ని రకాల వాల్వులకూ పనికిరావాలని టెస్టర్ మీద పది పన్నెండు సాకెట్లు పెడతారు. అన్నిటి ఒకటో పిన్నులనూ ఒక వైరుతో, రెండో పిన్నులను ఇంకో వైరుతో కలుపుకుంటూ పోయి సెలెక్టర్ స్విచ్‌కి తెస్తారు. ఒక్కో పిన్ను వెనక జానెడు, మూరెడు వైరు వేలాడుతుంది. మామూలు వైరుకు సెంటీమీటరుకు సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ (కాయిల్ గుణం) ఉంటుందని ఒక మోటు లెక్క. 25 సెంటీమీటర్ల వైరు అంటే 250 నానోహెన్రీలు. వాల్వు, సాకెట్, వైరింగ్ కెపాసిటెన్స్ అంతా కలిపి ఓ 10 పికోఫారాడ్లు వేసుకుంటే రెసొనెన్స్ (అది సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) సుమారు 100 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. అది నడి ఎఫ్ఎం బ్యాండ్!

ఈ లెక్క కాగితం మీద తేలగానే జేబు ఎఫ్ఎం రేడియో తెచ్చి టెస్టర్ పక్కన పెట్టాను. స్టేషన్ లేని చోట సుయ్‌మని వచ్చే హోరు మీద నెమ్మదిగా ట్యూన్ చేస్తూ పోతే, ఒకచోట హోరు అణిగిపోయి గుంయ్‌మని హమ్ వినిపించింది. టెస్టర్‌లోని సప్లై ఫిల్టర్ చేయనిది కాబట్టి మెయిన్స్ (ఇంటి కరెంటు) హమ్ ఆ తరంగం మీదికి ఎక్కింది. వాల్వు గాజుకు వేలు ఆనించగానే హమ్ ఆ చోటు నుంచి మాయమైంది. తీస్తే మళ్లీ వచ్చింది. సాక్ష్యం ఇంతకంటే ఏం కావాలి? ఆ క్షణం నాకు కలిగిన సంతోషం, పాత రేడియో మొదటిసారి పలికినప్పుడు కలిగేదానికి ఏమాత్రం తీసిపోదు.

మరి ఊగుతుంటే కరెంటు తగ్గడమేమిటి? ఊగులో గ్రిడ్ వోల్టేజీ సెకనుకు కోట్ల సార్లు పైకీ కిందికీ పోతుంది. పైకి వెళ్లిన ప్రతిసారీ ఒక క్షణం ప్లస్ వైపు దాటి, ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. గ్రిడ్‌లో ఉండకూడని కరెంటు ఇప్పుడు వచ్చింది. బయాస్ (గ్రిడ్‌కు మనం ఇచ్చే మైనస్ వోల్టేజీ) సప్లై దారిలో పెద్ద రెసిస్టర్ ఉంటే ఆ ఎలక్ట్రాన్లు త్వరగా పోలేవు, గ్రిడ్ మరింత మైనస్ అవుతుంది. మనం మైనస్ 1.3 ఇచ్చామనుకుంటాం, వాల్వుకు అందేది అంతకంటే బాగా ఎక్కువ. యానోడ్ కరెంటు సగానికి పడిపోతుంది. ముల్లుకు 100 మెగాహెర్ట్జ్ కనిపించదు, సగటు మాత్రమే కనిపిస్తుంది. అందుకే అది వణకకుండా, ధీమాగా, తప్పు అంకె చూపిస్తుంది. గ్రిడ్ దారిలో రెసిస్టెన్స్ తక్కువున్న టెస్టర్‌లో అయితే ఇదే ఊగు కరెంటును పెంచి చూపించవచ్చు. అప్పుడు అరిగిపోయిన వాల్వు కొత్తదానిలా కనిపిస్తుంది. అది ఇంకా ప్రమాదం.

రేడియో లేకపోయినా దీన్ని పట్టుకోవచ్చు. బయాస్‌ను మైనస్ 4 నుంచి నెమ్మదిగా తగ్గిస్తూ రండి. ఆరోగ్యంగా ఉన్న సర్క్యూట్‌లో కరెంటు నున్నగా పెరుగుతుంది. ఊగు మొదలయ్యేచోట మెట్టు దిగినట్టో ఎక్కినట్టో ముల్లు గెంతుతుంది. వెనక్కి తిప్పుతుంటే ఆ గెంతు అదే చోట రాదు, కాస్త ఆలస్యంగా వస్తుంది. అరిగిన వాల్వు ఎప్పుడూ అలా గెంతదు.

వైద్యం చౌక. గ్రిడ్ పిన్ను మీదే, సాకెట్‌కు ఆనుకుని, 100 ఓమ్‌ల కార్బన్ రెసిస్టర్ ఒకటి సోల్డర్ చేయాలి. యానోడ్ వైరుకు పిన్ను దగ్గర ఒకటో రెండో ఫెరైట్ పూసలు (హై ఫ్రీక్వెన్సీని అడ్డుకునేవి) ఎక్కించాలి. మామూలు కొలతలో గ్రిడ్‌లో కరెంటు లేదు కాబట్టి 100 ఓమ్‌లలో వోల్టేజీ ఏమీ పోదు, రీడింగ్ చెడదు. అదే 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ వైరు ఇంపీడెన్స్ (ఆ ఫ్రీక్వెన్సీకి అది చూపే అడ్డు) 157 ఓమ్‌లు. దానికి దీటుగా 100 ఓమ్‌లు దారిలో కూర్చుంటే ఊగడానికి ఊపు మిగలదు. రెసిస్టర్‌ను వైరు అవతలి కొసన, స్విచ్ దగ్గర పెడితే అంత ఫలితం ఉండదు, ఆ జానెడు వైరు మళ్లీ ఇవతలే మిగిలిపోతుంది. కొన్ని టెస్టర్లలో తయారుచేసినవాళ్లే పూసలు ఎక్కించి పంపారు. నా దాంట్లో మొదటి ట్రయోడ్ వైర్లు పొట్టివి, రెండోదాని వైర్లు పెట్టె ఆ మూల దాకా తిరిగొచ్చాయి. ఏడు వాల్వులకూ రెండో సగమే ఎందుకు తప్పిందో పెట్టె విప్పి చూడగానే అర్థమైంది.

పెట్టె విప్పేముందు ఒక్క మాట. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో వందల వోల్టులు కూర్చుని ఉంటాయి. వాటిని రెసిస్టర్‌తో డిస్‌ఛార్జ్ చేసి, మీటర్‌తో సున్నా అని చూశాకే చెయ్యి పెట్టండి.

టెస్టర్‌లో మంచిది, రేడియోలో చెడ్డది

దీనికి సరిగ్గా తిరగేసిన కథ ఈఎల్84ది. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టాక మన ఇళ్లలోని రేడియోల్లోకి స్వదేశీ వాల్వులు కూడా వచ్చాయి. ఇప్పటికీ అటకల మీద నుంచి దిగే సెట్లలో ఆ వాల్వులు బతికే ఉంటాయి. అలాంటి సెట్లలో తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది. అవుట్‌పుట్ వాల్వు టెస్టర్‌లో పెడితే నిక్షేపంలా ఉంటుంది. సెట్‌లో పెడితే పది నిమిషాలకు పాట బొంగురుపోతుంది, ఇంకాసేపటికి యానోడ్ రేకు ఎర్రబడుతుంది.

ఈఎల్84కి 250 వోల్టులు, మైనస్ 7.3 బయాస్ ఇస్తే 48 మిల్లీ యాంపియర్లు. గుణిస్తే 12 వాట్లు. యానోడ్ భరించగలిగే హద్దు కూడా 12 వాట్లే. మామూలుగానే అంచున నడిచే వాల్వు ఇది. ఇప్పుడు దాని గ్రిడ్‌లో ఒకే ఒక్క మైక్రో యాంపియర్ దొంగ కరెంటు ఉందనుకుందాం. టెస్టర్‌లో గ్రిడ్ దారిలో పది వేల ఓమ్‌లు ఉంటే వోల్టులో నూరో వంతు తేడా వస్తుంది, ఎవరికీ కనబడదు. సెట్‌లో గ్రిడ్ దారిలో ఉండే గ్రిడ్ లీక్ రెసిస్టర్ పది లక్షల ఓమ్‌లు ఉంటే అదే కరెంటు పూర్తి వోల్టు తేడా తెస్తుంది. జీఎం 11.3 కాబట్టి యానోడ్ కరెంటు 11 మిల్లీ యాంపియర్లు పైకి పోతుంది, 12 వాట్లు కాస్తా దాదాపు 15 అవుతాయి. క్యాథోడ్ రెసిస్టర్ ఉన్న సెట్లలో అది కొంత అడ్డుకుంటుంది, పూర్తిగా కాదు. ఆ వేడికి గ్రిడ్ ఇంకా వేడెక్కి దొంగ కరెంటు ఇంకా పెరుగుతుంది. మిగతాది ఆ ఎర్రబడ్డ రేకే చెబుతుంది.

కాబట్టి అదే వాల్వుకు రెండు చోట్ల రెండు తీర్పులు రావడంలో వింత లేదు. టెస్టర్ అబద్ధం చెప్పలేదు, మనం అడగాల్సిన ప్రశ్న అడగలేదు. పాతకాలపు ‘గ్యాస్ టెస్ట్’ బటన్ చేసేది ఈ ప్రశ్న అడగడమే. అది గ్రిడ్ దారిలో ఒక పెద్ద రెసిస్టర్‌ను చొప్పిస్తుంది. బటన్ నొక్కగానే ముల్లు కదలకపోతే గ్రిడ్ శుభ్రంగా ఉన్నట్టు. పైకి కదిలితే దొంగ ఉన్నట్టు.

ఆ దొంగ ఎవరనేది ఇంకాస్త లోతైన సంగతి, నాకు ఈ మొత్తం విద్యలో బాగా ఇష్టమైనది. ముల్లు పైకి పోయేలా చేసే కరెంటుకు ముగ్గురు అనుమానితులు. ఒకటి గ్యాస్. బుడ్డిలో మిగిలిన వాయువు అణువులను ఎలక్ట్రాన్లు గుద్దితే ప్లస్ అయాన్లు పుట్టి, మైనస్‌గా ఉన్న గ్రిడ్ మీదికి వచ్చి పడతాయి. రెండు గ్రిడ్ ఎమిషన్. ఏళ్ల తరబడి క్యాథోడ్ నుంచి ఆవిరైన బేరియం గ్రిడ్ తీగల మీద పేరుకుంటుంది, వేడెక్కితే గ్రిడ్డే క్యాథోడ్‌లా ఎలక్ట్రాన్లను వదులుతుంది. కొన్ని మంచి వాల్వుల గ్రిడ్‌లకు బంగారు పూత పూసేది ఇది జరగకూడదనే. మూడు లీకేజీ. లోపలి మైకా రేకు మీద పేరుకున్న లోహపు పొర కావచ్చు, సాకెట్ మీద జిడ్డు, దుమ్ము కావచ్చు.

ముగ్గురూ చేసే నేరం ఒకటే, నడవడిక వేరు. వాల్వును చల్లగా ఉంచి, హీటర్ ఆపేసి వోల్టేజీ మాత్రమే ఇవ్వండి. అప్పుడూ గ్రిడ్ కరెంటు ఉంటే అది లీకేజీ. ముందు సాకెట్‌ను స్పిరిట్‌తో తుడిచి మళ్లీ చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు లేకుండా వేడెక్కాక వస్తే, బయాస్ బాగా పెంచి యానోడ్ కరెంటును పూర్తిగా ఆపేయండి. ఎలక్ట్రాన్ల ప్రవాహం లేకపోతే అయాన్లు పుట్టవు కాబట్టి గ్యాస్ కరెంటు ఆ క్షణమే పోతుంది. గ్రిడ్ ఎమిషన్ మాత్రం వెంటనే పోదు. గ్రిడ్ చల్లారే కొద్దీ మెల్లమెల్లగా తగ్గుతుంది. కాబట్టి అంకెను చూడడం కంటే అది ఎంత త్వరగా మారుతోందో చూడడం మేలు.

ఇంకో దొంగ వాల్వులోనే ఉండడు. ముందు స్టేజీ నుంచి పాటను మోసుకొచ్చే కప్లింగ్ కెపాసిటర్ పాత కాగితంది అయితే, అది లీకై ముందు యానోడ్ మీది ప్లస్ వోల్టేజీని కొద్దికొద్దిగా ఈ గ్రిడ్ మీదికి వదులుతుంది. హీటర్లు పారలల్‌గా ఉన్న ఏసీ సెట్ అయితే అవుట్‌పుట్ వాల్వు పీకేసి, ఖాళీ సాకెట్‌లో గ్రిడ్ పిన్ను దగ్గర వోల్టేజీ కొలవండి. వాల్వే లేనిచోట ప్లస్ వోల్టేజీ కనిపిస్తే తప్పు కెపాసిటర్‌దే. పది రూపాయల కెపాసిటర్ మార్చాల్సిన చోట మంచి వాల్వులను ఎన్ని పారేశారో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

నీలం వెలుగు గురించి కూడా చాలామంది కంగారు పడతారు. గాజు లోపలి గోడ మీద, ముఖ్యంగా పవర్ వాల్వులలో, పరుచుకున్నట్టు కనిపించే నీలం కాంతి దారితప్పిన ఎలక్ట్రాన్లు గాజును తాకడం వల్ల వచ్చేది. దానితో ఏ బాధా లేదు. ఎలక్ట్రోడ్‌ల మధ్యలోనే ఊదా లేక గులాబీ రంగు పొగలా వెలిగితే అది గ్యాస్. బుడ్డి లోపల అద్దంలా మెరిసే బేరియం మచ్చ తెల్లబారితే ఇక పరీక్ష అక్కర్లేదు, గాలి దూరింది.

ఏ టెస్టర్ ఏం అడుగుతుంది

రెండు టెస్టర్లు ఒకే వాల్వుకు వేర్వేరు మాటలు చెబితే ముందు అవి అడిగే ప్రశ్నలు ఒకటేనా అని చూడాలి. చౌక రకం ఎమిషన్ టెస్టర్లు గ్రిడ్‌లన్నిటినీ యానోడ్‌తో కలిపేసి, వాల్వును ఉత్త డయోడ్‌గా మార్చి, క్యాథోడ్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లు మిగిలాయో చూస్తాయి. కుళాయి తిరుగుతోందా అని వాటికి పట్టదు, ట్యాంకులో నీళ్లున్నాయా అన్నదే వాటి ప్రశ్న. హికాక్ లాంటి అమెరికన్ టెస్టర్లు గ్రిడ్ మీద చిన్న సిగ్నల్ ఇచ్చి జీఎం కొలుస్తాయి. ఇంగ్లండ్‌లోని ‘ఏవీఓ’ (AVO) అనే కంపెనీ వాల్వు మీటర్లు ఇంకో దారి పట్టాయి. యానోడ్‌కు నేరుగా ఏసీనే ఇచ్చి, వాల్వు తనంతట తానే సగం సైకిల్‌లో మాత్రమే కరెంటు పారనిస్తుందన్న సంగతిని వాడుకుని, ముల్లు స్కేలును దానికి తగ్గట్టు గీశారు. తెలియక ఆ సాకెట్ పిన్నుల మీద మల్టీమీటర్ పెట్టి చూస్తే డేటాషీట్ వోల్టేజీలు కనిపించవు, టెస్టర్ చెడిపోయిందనుకుంటాం. అది చెడిపోలేదు, దాని భాష వేరు.

మన కరెంటు సంగతి కూడా ఉంది. 230 వోల్టులకు సెట్ చేసిన టెస్టర్‌కు సాయంత్రం లోడు మీద 200 వోల్టులే అందితే 6.3 ఉండాల్సిన హీటర్ వోల్టేజీ 5.5కి దిగుతుంది. అప్పుడు ఒక విశేషం జరుగుతుంది. నిండుగా ఉన్న క్యాథోడ్‌కు అవసరానికి మించి ఎలక్ట్రాన్లు ఉంటాయి కాబట్టి రీడింగ్ పెద్దగా తగ్గదు. అరిగిన వాల్వు మాత్రం ఒక్కసారిగా జారిపోతుంది. ఈ బలహీనతనే కొన్ని టెస్టర్లు పరీక్షగా మార్చుకున్నాయి. ‘లైఫ్ టెస్ట్’ స్విచ్ నొక్కితే హీటర్ వోల్టేజీని కావాలనే సుమారు పదో వంతు తగ్గించి చూస్తాయి.

నిద్రజబ్బు

వాల్వుల వింతల్లో అన్నిటికంటే లోతైనది కంప్యూటర్ల దగ్గర బయటపడింది. 1944లో బ్రిటన్ రహస్య సంకేతాలు విప్పే కేంద్రమైన బ్లెచ్లీ పార్క్‌లో పనిచేసిన కొలోసస్ అనే తొలితరం కంప్యూటర్‌ను కట్టిన టామీ ఫ్లవర్స్, వాల్వులు ఎక్కువగా పోయేది ఆన్ ఆఫ్ చేసేటప్పుడేనని తన టెలిఫోన్ అనుభవంతో గ్రహించి, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచమన్నాడు. మంచి సలహా. కానీ ఆన్‌లో ఉంచడంలోనే ఇంకో గొయ్యి ఉంది.

1940ల చివర్లో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో జే ఫారెస్టర్ అనే ఇంజనీరు బృందం వర్ల్‌విండ్ కంప్యూటర్ కడుతోంది. దానిలో వేల వాల్వులు. కంప్యూటర్ సర్క్యూట్‌లో ఒక వాల్వు ‘సున్నా’ పట్టుకుని కూర్చుంటే హీటర్ వెలుగుతూనే ఉంటుంది, కరెంటు మాత్రం పారదు. అలా గంటల తరబడి వేడిగా, పని లేకుండా ఉన్న వాల్వును లేపితే అది సరిగ్గా లేవడం లేదు. ఎమిషన్ చూస్తే బాగానే ఉంది. అందుకే దీనికి నిద్రజబ్బు అని పేరు పడింది.

కారణం క్యాథోడ్ నికెల్ గొట్టంలో దొరికింది. తయారీ సులువు కావడానికి నికెల్‌లో కాస్త సిలికాన్ కలిపేవాళ్లు. ఆ సిలికాన్ పైనున్న బేరియం ఆక్సైడ్‌తో కలిసి, లోహానికీ పూతకూ మధ్య బేరియం సిలికేట్ పొర కడుతుంది. ఆ పొర రెసిస్టర్‌లా అడ్డుపడుతుంది, కరెంటు పారకుండా వేడిగా ఉన్నప్పుడు మరీ ముదురుతుంది. పైగా ఆ పొర పల్చటిది కాబట్టి కెపాసిటర్‌లా కూడా ఉంటుంది. ఫలితంగా తక్కువ ఫ్రీక్వెన్సీలో కొలిస్తే జీఎం పడిపోయినట్టు, హై ఫ్రీక్వెన్సీలో కొలిస్తే బాగున్నట్టు కనిపిస్తుంది. ఒకే వాల్వు, ఒకే రోజు, రెండు నిజాలు. సిలికాన్ బాగా తక్కువున్న నికెల్ వాడటం మొదలుపెట్టాక వాల్వుల ఆయుష్షు ఎన్నో రెట్లు పెరిగింది. సిల్వేనియా కంపెనీ 7ఏకే7 అనే వాల్వును వర్ల్‌విండ్ కోసమే తయారుచేసింది. ఆ బృందం సప్లై వోల్టేజీలను కావాలనే అటూ ఇటూ జరిపి, రేపు పోబోయే వాల్వులను ఇవాళే పట్టుకునే పద్ధతి కూడా పెట్టుకుంది. లైఫ్ టెస్ట్ స్విచ్ చేసే పని లాంటిదే, యంత్రం మొత్తానికీ.

నిద్రజబ్బును ఇంట్లో పూర్తిగా తేల్చడం కష్టమే గానీ ఒక ఆనవాలు ఉంది. ఆ పొర రెసిస్టెన్స్ వేడి పెరిగితే తగ్గుతుంది. హీటర్ వోల్టేజీని కొద్దిసేపు కొంచెం పెంచి చూస్తే మామూలు వాల్వు జీఎం దాదాపు అలాగే ఉంటుంది, ఈ జబ్బు ఉన్నది చెప్పుకోదగ్గంత పైకి లేస్తుంది.

నా ఏడు వాల్వుల దగ్గరికి వస్తే, రెసిస్టర్లు, పూసలు పెట్టి, టెస్టర్‌ను స్టెబిలైజర్ మీద నడిపి, ఒక్కోదానికి ఇరవై నిమిషాలు వేడెక్కే సమయం ఇచ్చి మళ్లీ కొలిచాను. ఏళ్ల తరబడి పెట్టెలో పడున్న వాల్వుకు ఆ సమయం అవసరం. మొదటి నిమిషంలో 11 చూపించింది పావుగంటకు 14కి చేరడం చూశాను. రెండో సగాలు ఆరింటిలో 13.5కీ 15.5కీ మధ్య నిలబడ్డాయి. వేలు పెట్టినా ముల్లు కదల్లేదు, ఎఫ్ఎం రేడియోలో హమ్ లేదు. ఏడోది మాత్రం 9 దగ్గరే ఆగిపోయింది. సాకెట్ మార్చాను, అంతే. గ్రిడ్ కరెంటు చూశాను, లేదు. హీటర్‌ను 5.7కి తగ్గించాను, 9 కాస్తా 5కి జారింది. ఇది నిజంగానే అరిగిపోయిన వాల్వు. దాని పెట్టె మీద ‘రెండో ట్రయోడ్ 9, హీటర్ తగ్గిస్తే 5’ అని పెన్సిల్‌తో రాసి, మిగతా ఆరింటి పక్కన కాకుండా వేరే డబ్బాలో పెట్టాను. మొదటి ట్రయోడ్ ఇంకా 14.5 ఇస్తోంది, ఒక సగమే చాలే చోట అది పనికొస్తుంది.